కుండీ మొక్కల అడుగు ఆకులు గోధుమరంగుకు మారుతుంటే: ఎరువు డబ్బా తీసేముందు వేరు చూడండి

మీరు చెప్పిన వివరాలివి. విత్తి 8 వారాలైన టమాటా, మిర్చి, వంగ మొక్కలు, 6 అంగుళాల ప్లాస్టిక్ కుండీలు. సగం కోకోపీట్ (కొబ్బరిపీచు పొడి), సగం వర్మీకంపోస్ట్. రోజూ ఉదయం కుండీకి ఒక గ్లాసు నీళ్లు. మూడు వారాలుగా కింది ఆకులు అంచుల నుంచి గోధుమరంగుకు తిరిగి ఎండిపోతున్నాయి, చిగుర్లు మాత్రం పచ్చగానే ఉన్నాయి. మెగ్నీషియం లోపం అని ఎవరో చెబితే వారానికోసారి కుండీకి చెంచాడు చొప్పున మూడుసార్లు ఎప్సమ్ సాల్ట్ (మెగ్నీషియం సల్ఫేట్) వేశారు, మధ్యలో 19-19-19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్లలో ఉండే ఎరువు) ఇచ్చారు. తగ్గకపోగా పై వరుస ఆకులకు కూడా పాకింది.

ఇక ఏమీ వేయకండి. ఎప్సమ్ సాల్ట్, 19-19-19, వేపనూనె, పసుపునీళ్లు, ఏదైనా సరే, ఆపేయండి. లోపం ఏమిటో తేలకుండా వేసే ప్రతి చెంచా మరో లక్షణాన్ని తెచ్చిపెడుతుంది, ఆ తర్వాత ఏది మొదటి జబ్బో ఏది మందువల్ల వచ్చిందో విడదీయడం ఎవరివల్లా కాదు.

అడుగు ఆకులే ముందు ఎందుకు పోతాయి? నత్రజని, భాస్వరం, పొటాష్, మెగ్నీషియం, ఈ నాలుగూ మొక్కలో కదిలే పోషకాలు. వేరు నుంచి సరిపడా రాకపోతే మొక్క ముదురాకులోంచి వాటిని వెనక్కి లాగి చిగురుకు పంపుతుంది. ఇనుము, కాల్షియం, బోరాన్ అలా కదలవు, అందుకే వాటి లోపం లేత ఆకుల్లో కనబడుతుంది. ఇంతవరకు చాలామందికి తెలుసు. మరిచిపోయేది ఏమిటంటే, వేరు పనిచేయకపోయినా ఇదే జరుగుతుంది. కుండీ నిండా నత్రజని ఉన్నా, వేరుకు గాలి అందకపోతే అది ఆకు దాకా చేరదు. ఆకు చూస్తే నత్రజని లోపంలాగే ఉంటుంది, ఎరువు వేస్తే ఇంకా చెడుతుంది. లేత కుండీ మొక్కల్లో "లోపం" అని పేరు పెట్టేవాటిలో ఎక్కువ భాగం నిజానికి వేరు ఇబ్బందే. అందులోనూ సగానికి సగం కంపోస్ట్ ఉన్న కుండీలో పోషకం కరువు కావడం అరుదు.

మొదటి పని: ఒక మొక్కను కుండీలోంచి బయటకు తీయండి. భయపడాల్సిందేమీ లేదు, 8 వారాల మొక్క తట్టుకుంటుంది. మట్టి మరీ తడిగానూ మరీ పొడిగానూ కాక పదునుగా ఉన్నప్పుడు తీయాలి, లేకపోతే ముద్ద విడిపోతుంది. కాండాన్ని చూపుడు వేలికీ మధ్య వేలికీ నడుమ ఉంచి, అరచేత్తో మట్టిని మూసి, కుండీని తలకిందులు చేయండి. అంచును బల్ల చివర రెండుసార్లు తడితే ముద్ద మొత్తంగా జారి చేతిలోకి వస్తుంది. కాండం పట్టుకుని పైకి లాగకండి.

ఇప్పుడు ముద్దను వెలుతురులో తిప్పి చూడండి. బాగున్న వేరు తెల్లగా, లేదా లేత మీగడ రంగులో, గట్టిగా ఉంటుంది. చివర్లు మరీ తెల్లగా, వాటి చుట్టూ సన్నటి నూగు ఉంటుంది. కోకోపీట్‌లోనూ కంపోస్ట్‌లోనూ పెరిగిన వేరుకు కాస్త తేనీటి మరక పడుతుంది, దాన్ని చూసి కుళ్లు అనుకోకండి. తేడా తెలియాలంటే ఒక సన్నవేరును రెండు వేళ్ల మధ్య పట్టి మెల్లగా లాగండి. పైతొక్క తొడుగులా జారిపోయి లోపల దారంలాంటి నడిమి భాగం మాత్రమే మిగిలితే అది వేరుకుళ్లు. తొక్క జారకుండా వేరు టక్కున తెగితే అది బతికే ఉంది, రంగు ఎలా ఉన్నా సరే. వాసన కూడా చూడండి. మంచి మట్టి తొలకరి వాసన వేస్తుంది. గాలి లేక చచ్చిన వేరు మురుగు వాసనో, కోడిగుడ్డు పాడైన వాసనో వేస్తుంది.

వేర్లు ఎక్కడ చచ్చాయో కూడా చూడాలి. ముద్ద అడుగు రెండు అంగుళాల్లోనే గోధుమరంగు, పైన తెల్లగా ఉంటే నీరు అడుగున నిలుస్తోంది. ఒక పక్కనే చచ్చి, మరో పక్క బాగుంటే ఎండ సంగతి ఆలోచించండి. నల్ల ప్లాస్టిక్ కుండీకి మధ్యాహ్నం ఎండ నేరుగా తగిలితే ఆ పక్క మట్టి 40 డిగ్రీలు దాటడం మామూలే, అక్కడి వేళ్లు ఉడికిపోతాయి. ఈ కుండీని కొంచెం పెద్ద కుండీలో దించి మధ్యలో వేలెడు ఖాళీ ఉంచితే చాలు, అదే గొడుగు. వేర్లు అన్నిచోట్లా బాగున్నా చివర్లు మాత్రం ముదురు గోధుమరంగులో మాడినట్టుంటే ఉప్పు, అంటే నీటిలోనూ ఎరువులోనూ ఉండే లవణాలు, ఎక్కువైందని అర్థం. మీ విషయంలో ఇదే కనబడుతుందని నా అంచనా. ఎందుకో కింద చెబుతాను.

కుండీ అడుగున నీరు నిలవడం గురించి ఒక అపోహ తీరాలి. కన్నాలున్నంత మాత్రాన నీరంతా దిగిపోదు. ఏ మట్టిమిశ్రమానికైనా తడిపిన తర్వాత అడుగున కొంత ఎత్తు వరకు పూర్తిగా నానిన పొర మిగిలిపోతుంది. ఎంత ఎత్తు అనేది రేణువుల సైజు మీద ఆధారపడుతుంది, కుండీ ఎత్తు మీద కాదు. మెత్తటి వర్మీకంపోస్ట్ ఎక్కువయ్యేకొద్దీ ఆ పొర పెరుగుతుంది. పొట్టి కుండీలో అదే పొర వేళ్లున్న చోటులో పెద్ద వాటా తినేస్తుంది. అడుగున గులకరాళ్లు పరిస్తే నీరు బాగా దిగుతుందని చాలామంది నమ్ముతారు. జరిగేది తిరుగు: సన్నరేణువుల్లోని నీరు రాళ్ల మధ్య పెద్ద ఖాళీల్లోకి దిగక రాళ్లపైనే ఆగుతుంది, నానిన పొర అంత పైకి జరుగుతుంది. కన్నం మీద మట్టి జారకుండా చిన్న వల ముక్క చాలు.

తడి సంగతి పైన మట్టిని ముట్టుకుని చెప్పకండి. పై అంగుళం ఎండినా అడుగు బురదగా ఉండొచ్చు. వంటింటి త్రాసు ఉంటే దానంత నమ్మకమైనది లేదు. కుండీని బాగా తడిపి, గంటసేపు నీరు కారనిచ్చి తూచండి. ఉదాహరణకు 1,500 గ్రాములు అనుకుందాం. తర్వాత నీళ్లు పోయకుండా, సాయంత్రం ఆకులు కొంచెం వాలేదాకా ఒక్కసారి ఆగి తూచండి. 900 గ్రాములు వచ్చిందనుకుందాం. ఈ రెంటి నడుమ సగం, అంటే 1,200 దగ్గరకు వచ్చినప్పుడు మళ్లీ పోయాలి. వారం తర్వాత త్రాసు అక్కర్లేదు, చేత్తో ఎత్తితే తెలిసిపోతుంది. త్రాసు లేకపోతే చీపురుపుల్లలాంటి సన్నటి చెక్కపుల్లను అడుగుదాకా గుచ్చి పది నిమిషాలుంచి తీయండి. అడుగు కొస తడిసి రంగు మారితే ఆ రోజు నీళ్లు వద్దు. రోజు లెక్కన నీళ్లు పోయడం మానేయండి. ఎండ, గాలి, ఆకుల సంఖ్య రోజురోజుకూ మారుతుంటే గ్లాసు మాత్రం ఒకటే ఎలా అవుతుంది?

ఆకు వాలితే దాహమే అనుకోవడం ఇంకో పొరపాటు. మట్టి తడిగా ఉండగా ఆకు వాలితే వేరు తాగలేకపోతోందని. మధ్యాహ్నం వాలి సాయంత్రానికి లేస్తే ఎండ తాకిడి. తెల్లవారినా లేవకపోతే, మట్టి తడిగానే ఉంటే, వేరుకుళ్లు లేదా వడలు తెగులు.

ఇక ఉప్పు. కింది ఆకు చివర నుంచి, అంచుల వెంబడి సన్నగా మాడుతూ లోపలికి రావడం, మాడిన భాగం పొడిగా కరకరలాడటం, మాడుకూ పచ్చకూ మధ్య గీత తేటగా ఉండటం దీని గుర్తులు. ఆకు నీటిని ఆవిరి చేస్తుంది, నీటితో వచ్చిన ఉప్పును అంచుల్లోనే వదిలేస్తుంది. ముదురాకు ఎక్కువ రోజులుగా ఆ పని చేస్తోంది కాబట్టి ముందు అదే నిండిపోతుంది. కుండీ లోపలి అంచు మీదా, అడుగు కన్నాల చుట్టూ తెల్లటి పొర కడితే సందేహమే అక్కర్లేదు. ఆ పొర మీద ఆనుకున్న ఆకుకాడ అక్కడే నల్లబడి వాలిపోవడం కూడా కనిపిస్తుంది.

మీ కుండీ లెక్క ఒకసారి వేద్దాం. 6 అంగుళాల కుండీలో సుమారు లీటరున్నర మిశ్రమం పడుతుంది. నీటిలో లీటరుకు 600 మిల్లీగ్రాముల లవణాలున్నాయనుకోండి. రోజుకు 200 మిల్లీలీటర్లు పోస్తే రోజుకు 0.12 గ్రాము, నెలకు 3.6 గ్రాములు. ఒక గ్లాసు పోస్తే కన్నంలోంచి చుక్క కూడా రాదు కాబట్టి వచ్చిన ఉప్పు పోయే దారి లేదు. దానిపైన చెంచాడు ఎప్సమ్ సాల్ట్ అంటే దాదాపు 5 గ్రాములు, మూడుసార్లకు 15. ఇది చాలదన్నట్టు సగం వర్మీకంపోస్ట్, ఆపై 19-19-19. ఎప్సమ్ సాల్ట్‌లో మెగ్నీషియం 10 శాతం లోపే, మిగతాదంతా సల్ఫేటూ నీరూ. నిజంగా మెగ్నీషియం కావాల్సిన లేత మొక్కకు కూడా లీటరు నీటికి ఒక గ్రాము కలిపి మట్టిలో పోస్తే సరిపోతుంది. పైగా మెగ్నీషియం మితిమీరితే వేరు పొటాష్‌నూ కాల్షియంనూ తీసుకోకుండా అడ్డుపడుతుంది. పొటాష్ తగ్గితే ఏమవుతుంది? కింది ఆకుల అంచులు మాడతాయి. మీరు చూస్తున్నది అదే. మందు కాస్తా జబ్బుగా మారిందన్నమాట.

ఈసీ మీటర్ (నీటిలో ఎంత ఉప్పు కరిగిందో చూపే పరికరం) ఉంటే ఊహించనక్కర్లేదు. కుండీని మామూలుగా తడిపి, అరగంట ఆగి, కింద శుభ్రమైన పళ్లెం పెట్టి పైన 100 మిల్లీలీటర్ల మంచినీరు మెల్లగా పోయండి. కిందికి వచ్చిన మొదటి 50 మిల్లీలీటర్లలో మీటర్ ముంచండి. లేత మొక్కలకు 1 నుంచి 2.5 మధ్య (mS/cm లెక్కలో) ఉంటే నిశ్చింత. 4 దాటితే కడగాల్సిందే. మీది టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల అంకె) చూపే పెన్ అయితే చాలా పెన్నులు ఈసీ 1ని 500గా చూపిస్తాయి, కొన్ని 700గా చూపిస్తాయి. డబ్బా మీద చూసుకోండి.

కడగడం ఎలాగంటే, మట్టి పరిమాణానికి మూడింతల నీరు కావాలి, మీ కుండీకి నాలుగున్నర లీటర్లు. ఒక్కసారి గుమ్మరిస్తే నీరు పక్కల నుంచి జారిపోతుంది, ఉప్పు ఉన్నచోటే ఉంటుంది. లీటరున్నర చొప్పున మూడు విడతలు, మధ్యలో పావుగంట. మొదటి విడత ఉప్పును కరిగిస్తుంది, మిగతా రెండూ బయటికి తోస్తాయి. కారిన నీరు పళ్లెంలో నిలిచి తిరిగి పీల్చుకోకుండా కుండీని ఇటుకల మీద ఎత్తి పెట్టండి. పొద్దున్నే చేయాలి, సాయంత్రం చేస్తే రాత్రంతా తడిలో నానుతుంది. అయితే ఒక హెచ్చరిక. వేరు తీసి చూసినప్పుడు తొక్క జారిపోయే కుళ్లు కనబడితే కడగకండి. నీళ్లలో ఊపిరాడక చస్తున్న వేరుకు మరో నాలుగు లీటర్లు పోస్తే అది చికిత్స కాదు. అప్పుడు కొత్త మిశ్రమంలోకి మార్చడమే దారి.

మార్చేటప్పుడు కుళ్లిన వేళ్లను స్పిరిట్‌తో తుడిచిన కత్తెరతో తీసేయండి. సగం వేళ్లు పోతే పైన కూడా మూడోవంతు ఆకు తగ్గించాలి, మిగిలిన వేరు అంత ఆకుకు నీరు అందించలేదు. కుండీ పెద్దది కాదు, వేరుముద్దకు సరిపోయే చిన్నది ఎంచుకోండి. వేరు చేరని మట్టి తడి ఆరదు, అందుకే "పెద్ద కుండీలో సుఖంగా పెరుగుతుంది" అన్న ఆలోచన లేత మొక్కను చంపుతుంది. మిశ్రమం కొలత పాళ్లలో: కోకోపీట్ 5, పెర్లైట్ (తెల్లటి తేలికపాటి రాతిగుళికలు) లేదా జల్లించిన ముతక ఇసుక 3, వర్మీకంపోస్ట్ 2. కంపోస్ట్ ఐదోవంతు దాటకపోవడమే ఇందులో అసలు సంగతి. కోకోపీట్‌లో సహజంగానే పొటాషియం, సోడియం ఎక్కువ, మంచినీళ్లలో నానబెట్టి పిండి మూడుసార్లు మార్చాకే వాడాలి. కడగని కోకోపీట్ కాల్షియంనూ మెగ్నీషియంనూ తనలో పట్టుకుని మొక్కకు అందనివ్వదు. టమాటాను మొదటి ఆకుల దాకా లోతుగా పాతొచ్చు, కాండం నుంచి కొత్త వేళ్లు దండిగా దిగుతాయి. మిర్చి, వంగలను పాత లోతులోనే ఉంచండి. వారం రోజులు నీడపట్టున పెట్టి, కొత్త చిగురు కదిలేదాకా ఎరువు జోలికి పోకండి.

మీ మూడు రకాల మొక్కలూ ఒకేలా మాడుతున్నాయి కాబట్టి తెగులు అని నేను అనుకోను. తెగులు సాధారణంగా ఒక జాతిని ఎంచుకుంటుంది, ఒక మూల నుంచి పాకుతుంది. నీరూ ఉప్పూ ఎండా మాత్రం అన్నింటినీ ఒకేసారి తాకుతాయి. అయినా మచ్చల రూపు తెలిసి ఉండటం మంచిది. టమాటా కింది ఆకు మీద ముదురు గోధుమ మచ్చ, అందులో బాణం గురి పలకలా ఒకదానిలో ఒకటి వలయాలు, చుట్టూ పసుపు, ఇది ఆల్టర్నేరియా ఆకుమచ్చ. రెండు మూడు మిల్లీమీటర్ల చిన్న మచ్చలు గుంపులుగా, నడుమ బూడిదరంగు, అంచు నల్లగా, భూతద్దంలో నడుమ నల్లటి చుక్కలు ఉంటే సెప్టోరియా. మిర్చిలో కప్పకన్నులా తెల్లటి నడుమ, ముదురు అంచు ఉంటే సెర్కోస్పోరా. ఆకును వెలుతురుకు ఎత్తి చూసినప్పుడు మచ్చ నూనె అంటినట్టు మసకగా, తడిగా ఉంటే బ్యాక్టీరియా. వీటిలో మొదటి మూడూ శిలీంధ్రాలు, తడిసిన ఆకు మీదే మొలుస్తాయి. ఎక్కువగా మట్టి చిందులతో పైకి ఎక్కుతాయి కాబట్టి, మచ్చ ఆకులు గిల్లి పారేసి, మట్టి మీద ఎండుగడ్డి పలచగా పరిచి, నీళ్లు ఆకుల మీద కాకుండా మొక్క మొదలు దగ్గర పోస్తే చాలాసార్లు అక్కడితో ఆగిపోతుంది. పాకుతూనే ఉంటే మాంకోజెబ్ అనే శిలీంధ్రాల మందు లీటరు నీటికి 2.5 గ్రాములు. బ్యాక్టీరియాకు అది పనిచేయదు, కాపర్ ఆక్సీక్లోరైడ్ 3 గ్రాములు కావాలి. డబ్బా మీది జాగ్రత్తలూ కోతకు ముందు ఆగాల్సిన రోజులూ పాటించండి.

మొక్కకు ఒక పక్క ఆకులే పసుపై గోధుమరంగుకు తిరిగితే, లేదా ఒకే ఆకులో నడిమి ఈనెకు ఒక వైపే ఎండితే, ఫ్యూజేరియం వడలు తెగులు అయి ఉండొచ్చు. మొదలు దగ్గర కాండాన్ని నిలువునా చీల్చి చూడండి. లోపల గోధుమ గీతలుంటే ఆ మొక్కా మట్టీ రెండూ తీసి పారేయండి. దానికి మందు లేదు.

ఆకు మాడటానికి ముందు పైన సూది పొడిచినట్టు లేత చుక్కలు, తర్వాత రాగిరంగు తిరగడం ఎర్రనల్లి (ఆకు రసం పీల్చే అతిసన్నటి పురుగు) పని. తెల్లకాగితం ఆకు కింద పట్టి తట్టండి. రాలిన చుక్కలు అరనిమిషంలో నడవడం మొదలెడితే నల్లి, నడవకపోతే దుమ్ము. ఆకు అడుగుభాగం మొత్తం తడిసేలా నీటితో మూడు రోజులకోసారి కొట్టి కడిగితే లేత మొక్కల మీద చాలావరకు అదుపులోకి వస్తుంది.

నిజమైన పోషక లోపాల గుర్తులు కూడా చెబుతాను, ఎప్పుడైనా పనికొస్తాయి. నత్రజని అయితే ఆకు మొత్తం సమంగా పాలిపోయి, పసుపై, చివరికి ఎండుతుంది, మొక్కంతా లేతరంగులో ఉంటుంది. మెగ్నీషియం అయితే ఈనెలు పచ్చగా, నడుమ భాగం పసుపుగా ఉండి తర్వాతే గోధుమ మచ్చలు పడతాయి. అంచు నుంచి మాడటం దీని లక్షణం కాదు. అందుకే మీకు ఎప్సమ్ సాల్ట్ సలహా మొదటి నుంచే తప్పు. భాస్వరం అయితే కింది ఆకుల అడుగుభాగం ఊదారంగు తిరుగుతుంది, చలిలో వేరు మందగించినా ఇలాగే అవుతుంది. విత్తనాకులు, వాటి పైన మొదటి ఆకు, ఇవి రెండు నెలల మొక్కకు రాలిపోవడం వయసు ధర్మం. చిగురు జోరుగా ఉంటే వాటి గురించి ఏడవకండి.

మీ కుండీలకు ఇప్పుడు చేయాల్సింది ఈ వరుసలో. ఈ రోజే ఒకటి తీసి వేరు చూడండి. కుళ్లు లేకపోతే రేపు పొద్దున కడగండి, ఆ తర్వాత బరువు పైన చెప్పిన నడిమి అంకెకు దిగేదాకా నీళ్లు ముట్టుకోకండి. తర్వాత నుంచి పోసినప్పుడల్లా అడుగు నుంచి ఐదోవంతు బయటికి వచ్చేంత పోయండి, ఆ నీటిని పారబోయండి. రెండు వారాలు ఎరువు వద్దు. ఆ పైన 19-19-19 లీటరుకు ఒక గ్రాము, వారానికోసారి, తడి మట్టి మీదే. పొడి మట్టిలో పోస్తే వేరు చివర మాడుతుంది.

మాడిన ఆకు మళ్లీ పచ్చబడదు, దాన్ని చూసి మందు పనిచేయలేదని అనుకోవద్దు. సగానికి పైగా పచ్చ ఉన్న ఆకును గిల్లకండి, అది ఇంకా వండి పెడుతోంది. పూర్తిగా ఎండినవే తీయండి. ఇప్పుడు మాడిన ఆకుల్లో పై ఆకు దగ్గర కాడకు ఒక దారం కట్టండి. పది రోజుల తర్వాత ఆ దారానికి పైన కొత్తగా మాడు కనబడకపోతే సరిపోయినట్టే. కనబడితే అదే కుండీని మళ్లీ తీసి, వేరు చివర్ల ఫోటో, కాడ మొదలు ఫోటో, ఆకు అడుగుభాగం ఫోటో, మీ నీటి టీడీఎస్ అంకె పంపండి. దూరం నుంచి తీసిన మొక్క ఫోటోతో ఏమీ తేలదు.